పరుషలో ఎద్దుకు పేరుంది, తప్పెటకు లేదు

జాతర గురించి మన విశ్వవిద్యాలయాల తెలుగు శాఖల్లో రాసిన సిద్ధాంత గ్రంథం ఏది తిరగేసినా ఒక మాట తగుల్తుంది. జాతరంటే కులమత భేదాలు మరిచి ఊరంతా ఒక్కటయ్యే రోజట. ఈ మాట రాసినవాళ్ళు చాలామంది జాతరను రథం ముందు నిలబడి చూసినవాళ్ళు. తప్పెట కాచుకునే మంట దగ్గర కూచుని చూసినవాళ్ళు తక్కువ. బిరుదురాజు రామరాజు గారు 1958లో 'తెలుగు జానపద గేయ సాహిత్యము' అచ్చు వేసి ఈ చదువుకు దారి వేసినాక పల్లెల్లోంచి పాటలు సంచుల కొద్దీ వచ్చాయి. పాట వచ్చింది, పాడిన మనిషి కులం ఫుట్‌నోట్‌లోకి పోయింది, కూలి ఎంతిచ్చారన్నది అక్కడికి కూడా రాలేదు. నేను ఇక్కడ ఆ లెక్క గురించే మాట్లాడదల్చుకున్నాను. దానికి రొద్దం సీమ పరుషను ఒక పుస్తకంలాగా ముందు పెట్టుకుంటాను. నవలను విమర్శించినట్టు పరుషను కూడా విమర్శించవచ్చు. దానికీ కథానాయకులుంటారు, పేరులేని పాత్రలుంటాయి, రాసినవాళ్ళుంటారు, ఎవరి ఖర్చుతో రాశారన్నదీ ఉంటుంది.

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం పక్క మనవాళ్ళు జాతర అనేదానికంటే 'పరుష' అనేదే ఎక్కువ. రొద్దం పెన్న ఒడ్డున ఉంటుంది. ఏటి పక్కనే రుద్రపాదం గుడి. ఏరు అనడమే గానీ ఏడాదిలో ఎక్కువ కాలం అది ఇసుకే. 2022 ఏప్రిల్ దాకా అనంతపురం జిల్లా, ఆ తర్వాత శ్రీ సత్యసాయి జిల్లా. పేరు మారింది గానీ వాన మారలేదు. ఈ సీమలో మనిషి ఏడాదంతా చెనక్కాయ చేను చుట్టూ తిరిగి, పంట వచ్చినా రాకున్నా ఒక్క రోజు బయటికి పోయేది పరుషకే. కదిరి తేరుకు పోతారు, మిరియాలు దవనం చల్లి వస్తారు. పెనుకొండ బాబయ్య ఉరుసుకు పోతారు. డిసెంబరులో దొడ్డబళ్ళాపురం దగ్గర ఘాటి సుబ్రహ్మణ్య దనాల పరుష ఉంటుంది, అక్కడికి హళ్ళికారు కోడెల కోసం పోతారు. ఇవి కాక ఎవరి ఊరి పరుష వాళ్ళకుంది. బొరుగులు, బెండు బత్తాసులు, గాజులు, రంగులరాట్నం, బండలాగుడు, రాత్రికి నాటకం. పిల్లలకు ఇంతకంటే పెద్ద ప్రపంచం లేదు. మాలవాడ పిల్లలకూ, మాదిగవాడ పిల్లలకూ కూడా. ఈ సంతోషాన్ని నేను కొట్టిపారెయ్యడం లేదు. పరుషంటే పీడన తప్ప ఏమీ లేదని రాసే వ్యాసాలు కూడా దూరం నుంచి చూసినవే.

అయితే సంతోషంలో కూడా ఎవరు ఎక్కడ నిలబడాలో ముందే గీసి పెట్టి ఉంటుంది. ఆ గీత అన్నిటికంటే బాగా కనిపించేది బండలాగుడు దగ్గర.

బండలాగుడును తెలియనివాళ్ళు ఉత్త బలప్రదర్శన అనుకుంటారు. దాంట్లో చాలా శాస్త్రం ఉంది. పళ్ళను బట్టి ఎద్దులకు విభాగాలుంటాయి. పాలపళ్ళు, రెండు పళ్ళు, నాలుగు పళ్ళు, ఆరు పళ్ళు, ఆ పైన సీనియర్లు. విభాగాన్ని బట్టి బండ బరువు పెరుగుతుంది. నిర్ణయించిన నిమిషాల్లో జత ఎన్ని అడుగులు లాగిందో తాడు పట్టి కొలుస్తారు. ఒక చివరికి పోయి మళ్ళీ తిప్పుకోవడంలోనే సగం ఆట ఉంది. తిప్పేటప్పుడు కాడి ఒక పక్కకు వాలితే ఎద్దు మోకాలు మీద పడుతుంది. ఎప్పుడు అదిలించాలో, ఎప్పుడు ఊపిరి తీసుకోనియ్యాలో తెలిసినవాడే తోలగలడు. సరుకు కూడా చూడాలి. మన పక్క హళ్ళికారు ఎద్దు తేలిక, చురుకు, బండికీ మడకకూ మంచిది. బండకు మాత్రం ఒంగోలు జాతే కావాలి. అంటే పోటీకి దించే జత ఇంటి సేద్యంలో పెరిగింది కాదు. ఎక్కడినుంచో లక్షలు పెట్టి కొనుక్కొచ్చి, దుక్కికి కట్టకుండా, ఉలవలూ బెల్లమూ పెట్టి పోటీ కోసమే మేపింది. ట్రాక్టరు వచ్చినాక ఊళ్ళో ఎద్దులు తగ్గిపోయాయి, పోటీ ఎద్దుల ధర పెరిగింది. పని పోయిన జంతువు హోదాగా మిగిలింది. ఇది ఎద్దుల ఒక్కదాని సంగతే కాదు, వెనక మళ్ళీ వస్తాను.

మైకులో ఏం పిలుస్తారో వినండి. 'ఫలానా గ్రామం, ఫలానా రెడ్డి గారి ఎద్దులు బరిలోకి వస్తున్నాయి.' ఎద్దుకు కూడా పేరుంటుంది, ఆ పేరుకు చప్పట్లుంటాయి. ఆ ఎద్దుకు పొద్దున్నే నాలుగు గంటలకు లేచి నీళ్ళు పెట్టి, గంగడోలు నిమిరి, నడిపించి, గిట్టలకు లాడాలు కొట్టించి, పక్కనే పడుకున్న జీతగాడికి పేరుండదు. చాలా ఊళ్ళలో వాడు మన వాడ మనిషే. ఒక జత గెలిచినప్పుడు చూశాను. యజమాని మెడలో దండ పడింది, ఎద్దు మెడలో దండ పడింది, పలుపు పట్టుకున్న మనిషి దండ వాడిపోకుండా పక్కకు పట్టుకుని నిలబడ్డాడు. ఫోటో తీసే పిల్లవాడు 'అన్నా, నువ్వు కొంచెం పక్కకు జరుగు' అన్నాడు. జరిగాడు.

సరే, జీతగాడి మాట పక్కనబెట్టి అసలు ఎద్దు మీద ఏముందో చూద్దాం. ఎద్దు మెడలో గజ్జెల పట్టెడ తోలుది. చర్నకోల తోలుది. ఒకప్పుడు కాడి దగ్గర కట్టే వారు కూడా తోలే. ఈ సీమలో కపిల బావులున్న కాలంలో నీళ్ళు తోడే బాన తోలుది, దాని తొండం తోలుది. చచ్చిన ఎద్దును మోసుకుపోయి, చర్మం ఒలిచి, తంగేడు చెక్కతో ఊనవేసి, బానగా కుట్టి రైతుకు తెచ్చిచ్చింది మాదిగ. అది లేకుంటే ఎద్దుకు పనే లేదు, చేనికి నీళ్ళే లేవు. దానికి కూలి కళ్ళంలో కొలిచే మేర. బంతి పూలదండ వేసిన ఎద్దును 'రైతు నేస్తం' అని కవులు పొగిడారు. ఆ నేస్తానికీ రైతుకూ మధ్య ఉన్న తోలును, ఆ తోలు ఊనవేసిన చేతిని పొగిడిన పద్యం ఎంత వెతికినా తక్కువే దొరుకుతుంది. మోటారు వచ్చింది, కపిల పోయింది, మేర పోయింది. నైలాను పగ్గం వచ్చింది, పగ్గం కుట్టే పని పోయింది. రైతుకు ఎద్దు పనిగా పోయి హోదాగా మిగిలిందని పైన అన్నాను కదా. మాదిగకు తోలు పనిగా పోయింది, నిందగా మిగిలింది. రెండూ ఒకే ట్రాక్టరు చేసిన పనులు. ఆర్థిక శాస్త్రం చదివేవాళ్ళు దీన్ని యాంత్రీకరణ అని ఒకే మాటతో రాస్తారు.

ఎద్దుల గురించి దేశంలో పెద్ద కోర్టే మాట్లాడింది. 2014 మే 7న సుప్రీంకోర్టు జల్లికట్టునూ ఎద్దుల పందేలనూ నిషేధిస్తూ జంతువుకు కూడా గౌరవంగా బతికే హక్కుందని చెప్పింది. 2017లో తమిళనాడు కుర్రాళ్ళు మెరీనా బీచిలో కూచున్నారు, ప్రభుత్వం చట్టం మార్చింది. 2023 మే 18న అయిదుగురు జడ్జీల ధర్మాసనం ఆ మార్పు చెల్లుతుందనీ, అది ఆ రాష్ట్రం సంస్కృతిలో భాగమో కాదో శాసనసభ తేల్చుకుంటుందనీ చెప్పింది. రెండు తీర్పులనూ చదవాల్సిందే. మొదటిదాంట్లో ఎద్దు నొప్పి ఉంది, రెండోదాంట్లో సంస్కృతి ఉంది. ఆ సంస్కృతిలో బరి చదును చేసేదెవరు, తప్పెట కొట్టేదెవరు, మొదటి మర్యాద ఎవరికి అనే ప్రశ్న ఈ తగాదాలో రెండు పక్షాలవాళ్ళకూ ముఖ్యం కాలేదు. నేను ఎద్దుకు నొప్పి లేదనడం లేదు. చర్నకోల దెబ్బ కళ్ళారా చూసినవాణ్ణే. కానీ జంతు ప్రేమికులు ఎద్దు వీపు మీద వాతను చూసినంత బాగా దాని పలుపు పట్టుకున్న చేతిని చూడలేకపోవడం ఎట్లా సాధ్యమయిందో అది నాకు ఆశ్చర్యం.

బండలాగుడు పగటి ఆట. దీనికంటే పాతది వేట ఆట. సంక్రాంతి వెళ్ళిన మర్నాడు కనుమ రోజు దేవుడు వేటకు పోతాడు, దాన్ని పార్వేట అంటారు. తిరుమలలో మలయప్పస్వామి పార్వేట మంటపానికి పోతాడు. అహోబిలంలో స్వామి కనుమకు బయల్దేరి నెల దాటి ముప్పై పైగా ఊళ్ళు తిరుగుతాడు. చెంచులక్ష్మిని చేసుకున్న అల్లుడు కాబట్టి చెంచులకు దాంట్లో మర్యాద ఉందని చెబుతారు. మన సీమలో కొన్ని ఊళ్ళలో స్వామి ముందర కుందేలును వదిలి తరమడం ఆచారం. విజయనగర రాజులకు వేట ఎంత ముఖ్యమో హంపీ మహర్నవమి దిబ్బ రాళ్ళ మీద చెక్కి ఉంది. 1565 తర్వాత ఆ రాజులే పెనుకొండకు వచ్చి కూచున్నారు. దేవుడు వేటకు పోవడమనేది రాజు వేటకు పోవడానికి నకలు.

వేటలో ఈటె పట్టేది ఒకరు, పొదలు కొట్టి జంతువును తరిమేది ఇంకొకరు. ఇది ప్రపంచమంతా ఇంతే. ఇంగ్లండులో భూస్వాముల వేటజంతువుల మీద చెయ్యేస్తే పేదవాణ్ణి ఉరి తియ్యడానికి 1723లో ఒక నల్ల చట్టమే తెచ్చారు. ఇ.పి. థాంప్సన్ 1975లో దాని మీద ఒక పుస్తకమే రాశాడు. ఒకే దుప్పి, ఒకరు కొడితే క్రీడ, ఇంకొకరు కొడితే దొంగతనం. మన సంస్థానాల్లో రాజులు, దొరలు షికారుకు పోతే డప్పులు కొట్టుకుంటూ అడవిని చుట్టుముట్టేవాళ్ళు వెట్టికి పట్టుకొచ్చినవాళ్ళే. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. అది రావాల్సిన చట్టమే. కానీ దాని కింద కుందేలుతో, ఉడుముతో పట్టుబడేదెవరో అటవీశాఖ కేసుల పుస్తకం తెరిచి కులాల వారీగా చూడమని నేను పరిశోధక విద్యార్థుల్ని అడుగుతున్నాను. దేవుడి పేరుతో వదిలిన కుందేలు సంప్రదాయం, ఆకలికి పట్టిన కుందేలు నేరం. ఈ తేడా ఎవరు గీశారు?

ఇక రాత్రి. పగలు స్వామిది, రాత్రి అమ్మది. మన సీమ పరుష సగం ఇక్కడ ఉంది, మన తగాదా మొత్తం ఇక్కడే ఉంది.

తప్పెటలు మంట దగ్గర కాగుతాయి. చింత చెక్క చట్రం, దాని మీద మేకతోలో దూడతోలో, రెండు చేతుల్లో రెండు పుల్లలు. అనంతపురం సీమకే చెందిన ఉరుములు వస్తాయి. మాలల్లో ఉరుములవాళ్ళని ఒక తెగ ఉంది. వాద్యం మీద కట్టెతో రుద్దితే మబ్బులో ఉరిమినట్టే మోగుతుంది. గంగమ్మ ముందర, అక్కమ్మగార్ల ముందర వాళ్ళు ఆడకపోతే కొలువు కాదు. బోనాలొస్తాయి. పోతును కొట్టే ఊళ్ళలో కొట్టేవాడు మాదిగ. నెత్తురన్నం కలిపి పొలిమేర చుట్టూ పొలి చల్లేవాడు మాదిగ. అర్ధరాత్రి దయ్యాలూ భూతాలూ ఎదురొస్తాయని ఊరు తలుపులేసుకున్నప్పుడు ఆ గంప నెత్తిన పెట్టుకుని పొలిమేర నడిచేది మనవాడే. ఊరికి వచ్చే కీడు ముందు వాడి మీద పడాలన్నది దాంట్లో ఉన్న అసలు అర్థం.

దీన్ని మొదట వివరంగా రాసినవాళ్ళు తెల్ల పాదిరీలు. ఎల్మోర్ 1915లో రాశాడు, మద్రాసు బిషప్పు వైట్‌హెడ్ 1916లో రాశాడు. వాళ్ళకు ఇదంతా చీకటి మతం. అయినా ఏ పని ఏ కులం చేస్తుందో దాచకుండా రాశారు. మన జానపద పండితులు దీన్నే సంస్కృతి అన్నారు గానీ ఆ పని కులాన్ని మాత్రం మెత్తగా దాటేశారు. మెచ్చుకున్నవాడి పుస్తకం కంటే అసహ్యించుకున్నవాడి పుస్తకం మనకు ఎక్కువ పనికి రావడం ఒక విచిత్రం. థర్‌స్టన్ 1909లో మాతంగి గురించి రాశాడు. మాదిగ స్త్రీ పూనకంలో అగ్రకులాల మీద ఉమ్ముతుంది, తిడుతుంది, వాళ్ళు తలవంచి పడతారు. ఈ ఒక్క రోజు తిట్టును పట్టుకుని తిరుగుబాటు అని మురిసిపోయినవాళ్ళున్నారు. మాక్స్ గ్లక్‌మన్ అనే మానవశాస్త్రజ్ఞుడు ఆఫ్రికా ఆచారాల మీద 1954లో చెప్పిన మాట ఇక్కడ గుర్తు చేసుకోవాలి. ఏడాదికోసారి రాజును తిట్టనిచ్చే ఆచారం రాజ్యాన్ని కూల్చదు, గట్టిపరుస్తుంది. మర్నాడు మాతంగి మళ్ళీ ఊరి బయటే ఉంది. అంతేనా, ఆ పూనకం వెనక ఆడపిల్లను దేవతకు వదిలేసే ఆచారం ఉంది. మన పక్క దాన్ని బసివి అన్నారు. 1988లో ఆంధ్రప్రదేశ్ చట్టం బసివి, జోగిని, మాతమ్మ వంటి పేర్లన్నిటికీ వర్తించేలా నిషేధం పెట్టింది. పరుషలో ఆడవాళ్ళకు ఉన్న 'శక్తి' గురించి రాసేవాళ్ళు ఆ చట్టం ఎందుకు అవసరమయిందో కూడా అదే పేజీలో రాయాలి.

ఇప్పుడు మన ఇంట్లో తగాదాకు వస్తాను. కంచ ఐలయ్య 1996లో 'నేను హిందువు నెట్లయిత?' అన్న ప్రశ్నతో పోచమ్మను ముందుకు తెచ్చాడు. పోచమ్మకు పూజారి అక్కర్లేదు, సంస్కృతం అక్కర్లేదు, ఎవరి భాషలో వాళ్ళు మొక్కుకోవచ్చు, ఇది ఉత్పత్తి కులాల సంస్కృతి, హిందూ దేవుళ్ళది కాదు అన్నాడు. ఈ వాదనకు చాలా బలం ఉంది. మన ఇళ్ళ సంగతులు పుస్తకానికి పనికొస్తాయని ఒక తరానికి చెప్పింది. కానీ రొద్దం సీమ పరుషలో నిలబడి చదివితే ఆ వాదనలో ఒక ఖాళీ కనబడుతుంది. అమ్మకు బ్రాహ్మణ పూజారి లేడు, నిజమే. కానీ అమ్మ గుడి తాళం ఎవరి దగ్గరుంది? పరుష కమిటీలో ఎవరున్నారు? మొదటి బోనం ఏ ఇంటినుంచి కదలాలి? బ్రాహ్మణుడు లేనంత మాత్రాన కులం లేకుండా పోదు. బహుజనం అనే మాటలో రైతు కులం, జీతగాడి కులం రెండూ ఇమిడిపోయినప్పుడు, పరుషలో ఆ రెంటి మధ్య ఉన్న దూరం మన పుస్తకాల్లో కూడా ఇమిడిపోతుంది. అట్లా ఇమిడిపోకుండా చూసుకోవాల్సిన బాధ్యత మనదే, ఇంకొకరు చెయ్యరు.

అంబేడ్కర్ దారి వేరు. 1927 మార్చిలో మహద్‌లో ఆయన మహార్లతో చచ్చిన పశువు మాంసం మానేయమన్నాడు, ఎంగిలి కూడు మానేయమన్నాడు. 1928లో బొంబాయి శాసనమండలిలో మహార్ వతన్ మీద బిల్లు పెట్టాడు. వతన్ అంటే ఊరి చాకిరీకి బదులుగా ఇచ్చిన భూమి హక్కు. చూడ్డానికి హక్కు, లోపల సంకెల. భూమి కోసం చాకిరీని పట్టుకుని వేలాడినన్నాళ్ళూ మనిషి ఊరి సొత్తుగానే ఉంటాడన్నది ఆయన చెప్పింది. మన పక్క కూడా వెట్టి మాన్యాలుండేవి. 1956లో ఆంధ్ర ప్రాంతంలో ఇనాముల రద్దు చట్టం వచ్చినాక ఆ మాన్యాలు ఎవరి పట్టాలోకి పోయాయో తహశీల్దారు ఆఫీసు పాత రికార్డుల్లో వెతకాల్సిన పని. మాన్యం పోయినా తప్పెట పని మాత్రం పోలేదు. అదీ విచిత్రం. జీతం రద్దయింది, నౌకరీ రద్దు కాలేదు.

మరి తప్పెటను వదిలెయ్యాలా, పట్టుకోవాలా? 1985 జులై 17న కారంచేడు తర్వాత, 1991 ఆగస్టు 6న చుండూరు తర్వాత చాలా పల్లెల్లో కుర్రాళ్ళు అడిగిన ప్రశ్న ఇది. కొట్టం అన్నారు కొందరు. అదే తప్పెటను బహిరంగ సభల మీదికి తెచ్చి మా ఆయుధం అన్నారు ఇంకొందరు. 1994 జులై 7న ప్రకాశం జిల్లా ఈదుముడిలో మొదలయిన మాదిగ ఉద్యమం తన పేరే దండోరా అని పెట్టుకుంది. ఊరి పెత్తందారు మాట చాటడానికి వీధివీధీ కొట్టించిన డప్పును తన మాట చాటడానికి కొట్టుకుంది. ముప్పై ఏళ్ళకు, 2024 ఆగస్టు 1న, ఉపవర్గీకరణ చెయ్యవచ్చని సుప్రీంకోర్టు చెప్పింది. మాలలకు ఆ తీర్పు మీద వేరే అభిప్రాయాలున్నాయి, ఆ చర్చకు ఇది చోటు కాదు. నేను చెప్పేది డప్పు గురించి. ఒకే వాద్యం, ఒక చోట వెట్టి, ఒక చోట ఉద్యమం. తేడా వాద్యంలో లేదు.

రొద్దం పక్క ఒక పల్లెలో ఒక పెద్దాయనతో చాలాసేపు మాట్లాడాను. యాభై ఏళ్ళుగా తప్పెట కొడుతున్నాడు. 'తాతా, ఈ పని నీకు ఇష్టమేనా' అని అడిగితే ముందు నవ్వాడు. 'ఇష్టమేంటికి కాదప్పా. దెబ్బ పడితే ఒళ్ళు పులకరిస్తాది. నేను కొడితే అమ్మ కూడా ఆడ్తాది. నాకు కొట్టేది కష్టం కాదు. కొట్టల్లని పిలిచేది కష్టం. రేయ్, రాత్రికి రావల్ల అంటాడు నా మనవడంతోడు. నాకు జరమొచ్చినా రావల్ల. సావు ఇంట్లో ఉన్నా రావల్ల. అమ్మకేమో మేం కావల్ల, అమ్మ గుడికేమో మేం వద్దు.' ఈ మాటల్లో మన పుస్తకాల్లో కలగాపులగం అయిన రెండు సంగతులు విడివిడిగా ఉన్నాయి. కళ ఆయనది. పిలుపు ఆయనది కాదు.

కాబట్టి డప్పు గొప్పదా నీచమా అనే చర్చ నాకు పనికిరానిదిగా కనబడుతుంది. అడగాల్సింది వేరే ఉంది. రానని చెప్పగలడా? చెబితే మర్నాడు ఏమవుతుంది? చేలో పని ఇస్తారా, బోరు దగ్గర నీళ్ళు పట్టుకోనిస్తారా, అంగట్లో అప్పు పుడుతుందా? రానని చెప్పి కూడా నెమ్మదిగా బతకగలిగిన చోట తప్పెట కళ. చెప్పలేని చోట వెట్టి, దానికి ఎంత మంచి దరువున్నా సరే.

చట్టం ఈ విషయంలో పరిశోధకుల కంటే ఒక అడుగు ముందుంది. ఇది ఒప్పుకోవడానికి మనకు సిగ్గుగా ఉండాలి. 1989 అట్రాసిటీ చట్టాన్ని 2015లో సవరించారు, 2016 జనవరి 26 నుంచి అమల్లోకి వచ్చింది. దళితుణ్ణి మతపరమైన, సాంస్కృతికమైన ఊరేగింపుల్లో పాల్గొననీకుండా అడ్డుకోవడం నేరమని దాంట్లో రాశారు, జాతరలతో సహా అని పేరు పెట్టి రాశారు. బేగారు చేయించడం కూడా నేరమే. తప్పెట అనే మాట లేదు, కానీ బలవంతంగా కొట్టిస్తే అది బేగారు కాక ఇంకేమిటి? పక్క రాష్ట్రం కర్ణాటక 2000 సంవత్సరంలోనే కొరగల మీద 'అజలు' ఆచారాన్ని నిషేధిస్తూ ప్రత్యేకంగా చట్టం చేసింది. తీరప్రాంతంలో కొరగలతో డోలు కొట్టించడం, కంబళలో దున్నల ముందర పరిగెత్తించడం, అంతకంటే నోటితో చెప్పలేని పనులు చేయించడం 'ఆచారం' కింద నడిచాయి. ఆచారం పేరుతో జరిగే చాకిరీని నేరమని పిలవచ్చని ఆ చట్టం ఒప్పుకుంది. అదే తీరప్రాంతం మీద 2022లో వచ్చిన 'కాంతార' సినిమా తెలుగులోకీ వచ్చి మన ఊళ్ళలో విరగబడి ఆడింది. కంబళ ఉంది, భూతకోల ఉంది, దైవం ఉంది, భూమి తగాదా కూడా ఉంది. భూతం కట్టే కులాలు రాత్రంతా దేవుడై పొద్దున్నే మళ్ళీ ఎక్కడికి పోతాయన్న ప్రశ్న మాత్రం గూస్ బంప్స్ మధ్య మునిగిపోయింది. మన పరుషల మీద రేపు ఎవరైనా సినిమా తీసినా ఇట్లాగే తీస్తారని భయం.

ఇంకో చట్టం ఉంది, దాని కథ వేరు. 1950లో మద్రాసు రాష్ట్రంలో గుళ్ళ దగ్గర జంతుబలిని నిషేధిస్తూ చట్టం వచ్చింది. అది ఆంధ్రకూ సంక్రమించింది. తమిళనాడు 2004లో దాన్ని తీసేసింది. పరుష రోజు పోలీసు జీపు వచ్చి ఆగేది చాలాసార్లు అమ్మ గుడి దగ్గర, పోతు పక్కన. బండ దగ్గరికి వచ్చిన అధికారికి కుర్చీ వేసి, శాలువా కప్పి, బహుమతులు ఇప్పిస్తారు. పోతును కొట్టడం ఆగిపోతే నాకు బాధ లేదు. కొట్టే చేతికి మాత్రం కేసు పడి, కొట్టించిన కమిటీ ఇంట్లో పడుకోవడం నాకు బాధ.

ఈ పదిహేనేళ్ళలో పరుష మారింది. డీజే వచ్చింది. పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో 2019 నుంచి కియా కార్లు తయారవుతున్నాయి. హిందూపురం, బెంగుళూరు బస్సెక్కితే పొద్దుకింత కూలి పుడుతుంది. తప్పెట పెద్దాయన కొడుకు తప్పెట ముట్టడు. 'నాయనా, నువ్వు కొట్టుకో, నన్ను పిలవద్దను' అని పరుష నాలుగు రోజులూ ఊరికే రాడు. డప్పు కళాకారులకు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం పింఛను ఇస్తోంది, 2024 జులై నుంచి అది నెలకు 4,000 రూపాయలు. ఇది మంచిదే, ముసలితనంలో ఆ డబ్బు చిన్నది కాదు. ప్రభుత్వం దృష్టిలో ఆయన కళాకారుడు. ఊరి దృష్టిలో? పింఛను కాగితం మీద 'కళాకారుడు' అని ఉన్న మనిషినే పరుష ముందురోజు సాయంత్రం వీధిలో నిలబడి 'రేయ్' అని పిలుస్తారు. రెండు మాటలూ ఒకే మనిషి మోస్తున్నాడు.

మన జర్నళ్ళకు వ్యాసాలు పంపే విద్యార్థులకు ఒక పని చెప్పి వదిలేస్తాను. ఈసారి పరుషకు పోయినప్పుడు పాటలు రికార్డు చెయ్యడానికి ముందు కరపత్రం ఒకటి సంపాదించండి. ప్రతి పరుషకూ కరపత్రం వేస్తారు. పైన దేవుడి బొమ్మ. దాని కింద ఎమ్మెల్యే. దాని కింద బండలాగుడు బహుమతులు, మొదటి బహుమతి ఇంత, దాత ఫలానావారు, రెండో బహుమతి ఇంత, దాత ఫలానావారు. నాటకం కంపెనీ పేరు, హార్మోనిస్టు పేరు, హీరోయిన్ ఏ ఊరినుంచి వస్తోందో ఆ ఊరి పేరు. చెక్కభజన బృందం పేరు, గురువు పేరు. అన్నదానం చేసే ఇంటి పేరు. షామియానా, లైటింగ్ వాళ్ళ ఫోన్ నంబరు. అడుగున కమిటీ సభ్యులు. చివర ఒక వాక్యం ఉంటుంది, 'తప్పెట, ఉరుముల వాద్యాలతో' అని. వాద్యాలు తమంతట తాము మోగుతాయి కాబోలు.

ఆ కరపత్రం పట్టుకుని కమిటీ లెక్కల పుస్తకం అడగండి. ఇస్తే అదృష్టం. నేను చూడగలిగిన ఒక పుస్తకంలో బ్యాండు మేళానికి అడ్వాన్సు ఒక రోజు, మిగతాది ఒక రోజు, సంతకంతో రాసి ఉంది. డీజేకి జీఎస్టీ బిల్లుంది. తప్పెటల దగ్గర డబ్బు లెక్క లేదు. 'బియ్యం, కాయ, తల' అని రాసి ఉంది. తల అంటే వేటపోతు తల. పక్కన సంతకం లేదు, వేలిముద్ర కూడా లేదు.

కమిటీ పెద్దను అడిగాను, ఇదేమప్పా, వీళ్ళకు రూపాయలు రాయలేదే అని. 'వాళ్ళకు రాసేదేముంది సామీ, వాళ్ళు మన ఊరోళ్ళే కదా' అన్నాడు.